ఆ లైటు ఆర్పేయండి

"మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉండాదా సార్?"

గేటు దగ్గర నిలబడ్డ మనిషి అడిగిన మొదటి మాట అది.

గురుమూర్తికి చిరాకేసింది. హిందూపురంలో పేరున్న బట్టల వ్యాపారి ఆయన. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి ఇంట్లోవాళ్ల జబ్బులు అడగడమేమిటి?

"ఎవరప్పా నువ్వు?"

"నవీద్ సార్. పెనుకొండ. మీ ఏసీలో యూవీ లైటు పెట్టించినారంట కదా. దాన్ని ఆర్పేయండి సార్."

ఆ లైటు పెట్టించి వారం కూడా కాలేదు. భార్య సత్యభామది పాత ఆయాసం. ఏసీ గొట్టాల్లో బూజు పడుతోందని, అతినీలలోహిత కాంతి పడితే బూజూ క్రిములూ చచ్చిపోతాయని మెకానిక్ చెప్పాడు. అప్పటినుంచి ఏసీ వేస్తే గదిలో ఏదో కొత్త వాసన.

సత్యభామకు ఆ వాసన నచ్చింది.

"వాన వచ్చే ముందు గాలి మాదిరి ఉండాదండీ" అంది. వాన మొహం చూడని ఊళ్లో అంతకంటే ఏం కావాలి?

గురుమూర్తి నవీద్‌ని ఎగాదిగా చూశాడు.

"దీన్ని పీకేసి, నీ అంగట్లో లైటు పెట్టించుకోవల్లనా?"

నవీద్ నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"దొరికిపోయినావు కదా. పో, పో."

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. లోపలి నుంచి సత్యభామ దగ్గు వినిపిస్తోంది. ఈసారి అతను గేటు దగ్గర ఆగలేదు. గబగబా హాల్లోకి వచ్చి ఏసీ స్విచ్చు కట్టేశాడు.

గురుమూర్తి కొడుకు శరత్ పరుగున వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు. లాగి చెంపమీద కొట్టి మెట్లమీదికి తోశాడు.

నవీద్ పెదవి చిట్లింది. చెయ్యెత్తలేదు.

"కొట్టండి సార్. ఆ లైటు మాత్రం ఆర్పేయండి."

"ఎవరండీ?" గదిలోంచి సత్యభామ అడిగింది.

"ఎవడో పిచ్చోడులే. నువ్వు పడుకో."

శరత్ మళ్లీ ఏసీ వేశాడు.

రెండో రోజు మధ్యాహ్నం సత్యభామకు ఊపిరి అందలేదు. గోళ్లు నీలంగా మారాయి. ఆస్పత్రిలో డాక్టర్ గురుమూర్తిని పక్కకు పిలిచి అడిగాడు.

"ఇంట్లో ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టించారా?"

"యూవీ లైటు. ఏసీలో."

"వాసన వచ్చేదా?"

"వచ్చేది."

"అన్నీ అలాంటివి కావు. కొన్ని నాసిరకం లైట్లు ఓజోన్ అనే వాయువును వదులుతాయి. ఆయాసం ఉన్నవాళ్ల ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు."

తెల్లారేసరికి సత్యభామ లేదు.

కర్మ ముగిశాక గురుమూర్తి పెనుకొండ బస్సెక్కాడు. దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది. అంత తెలిసినవాడు అసలు సంగతి విడమరిచి ఎందుకు చెప్పలేదు?

అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు. తలుపు తీసిన ముసలామె ఖాతూన్‌బీ, నవీద్ తల్లి.

"వాడు ధర్మవరం పోయినాడు సార్. ఆడ ఎవరింట్లోనో ఆ లైటు ఉండాదంట."

"ఆయనకు ఏసీల అంగడి యాడుండాది?"

"ఏసీలా? మాది బేకరీ సార్. అది కూడా మూసేసినాడు. మెకానిక్ కాళ్లు పట్టుకొని, ఎవరెవరి ఇండ్లల్లో ఆ లైటు పెట్టినాడో కనుక్కొని తిరుగుతాండాడు. కొందరు వింటారు. కొందరు తంతారు."

"ఎందుకు ఆర్పమంటున్నాడో మాకు చెప్పనేలేదమ్మా!"

"చెప్పలేడు సార్. షహీన్ అని, వాడి కూతురు, మా మనవరాలు. ఊపిరాడక చనిపోయింది. దాని మాట ఎత్తబోతే వాడి గొంతు పూడుకుపోతాది."



ఖాతూన్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆయాసంతో ఉండే బిడ్డ బాగా నిద్రపోతాదని, ఈ చుట్టుపక్కల అందరికంటే ముందు ఆ లైటు పెట్టించింది మావాడే సార్."