చెప్పు కింద పేరు

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. నా పేరు మాత్రం రాయొద్దు."

హిలాల్ నిజంగానే అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. పెళ్లికూతురైన ఆ అక్క నూరాయ్ తన తెల్లటి హీల్ చెప్పు ఒళ్లో తిరగేసుకుని, అడుగున పెళ్లికాని పిల్లల పేర్లు నల్ల పెన్నుతో రాస్తోంది. పెళ్లికూతురు ఆ చెప్పు వేసుకుని ఆడుతుంటే ఎవరి పేరు ముందు చెరిగిపోతే తర్వాతి పెళ్లి వాళ్లది. జర్మనీలో, డూయిస్‌బర్గ్‌లో పుట్టి పెరిగినా ఈ టర్కీ వాళ్లెవరూ ఈ ముచ్చట వదల్లేదు.

హిలాల్‌కి మాత్రం ఇది ముచ్చట కాదు. హైడెల్‌బర్గ్‌లో డాక్టరు చదువుకు సీటొచ్చింది. ఇటు చూస్తే పెళ్లికొడుకు తమ్ముడు తుంజాయ్‌కి తననే అడుగుతున్నారు. ఎటూ తేల్చుకోలేక నాన్న పొద్దున అందరి ముందూ అనేశాడు. "చెప్పు మీద పేరు చెరిగితే పెళ్లి, నిలిస్తే చదువు. అల్లా ఎలా రాసిపెట్టాడో చూద్దాం." నాన్న మాటంటే శిలాశాసనం.

"రాయకపోతే నాన్న ఊరుకోడే," అంది నూరాయ్. "ఇదిగో, ఈ ఒంపులో రాస్తున్నా. ఇక్కడ నేలే తగలదు. చచ్చినా చెరగదు, సరేనా?"

హిలాల్ అక్కని గట్టిగా కౌగిలించుకుంది.

డోలు మోగింది. చిటికెన వేళ్లు కలుపుకుని అందరూ వరసకట్టి ఆడారు. హిలాల్ ఆట చూసి "ఏమే, నీ పెళ్లేనా?" అని అమ్మ వెక్కిరించింది. మధ్యలో అత్తగారు నూరాయ్‌ని పక్కకి పిలిచి, రేపట్నుంచి తమ ఇంట్లో ఎలా పడుండాలో చెప్పింది. నూరాయ్ మొహం పాలిపోయింది. ముసుగు సర్దుకొస్తానని లోపలికెళ్లి వచ్చింది.

ఆఖర్న మేనత్త కళ్లజోడు పెట్టుకుని చెప్పు తిరగేసింది.

"ఐషెన్ ఉంది. సెర్పిల్ ఉంది. గుల్‌దానె కూడా ఉంది..." ఆగింది. "అమ్మో! మన హిలాల్ పేరు పోయింది!"

హాలంతా చప్పట్లు. నాన్న వెళ్లి వియ్యంకుణ్ణి గుండెలకి హత్తుకున్నాడు. హిలాల్ చెప్పు లాక్కుని చూసింది. ఒంపులో అక్షరమ్ముక్క లేదు. నేల తగలని చోట చెరిగిందంటే ఇక దేవుడే చెరిపాడు. దేవుడితో ఎవరు పోట్లాడతారు? ఏడుపు కూడా రాలేదు తనకి.

నూరాయ్ చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. ఎర్రగా పండిన గోరింటాకు చేతిలో బొటనవేలు మాత్రం పెన్ను సిరా అంటి నల్లగా ఉంది.

"తిట్టుకోకే చెల్లీ," అంది చెవిలో. "ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనే."