రెండు గంటలు దుమ్ము లేవకుండా

డబ్బా మూత తీసేదాకా లోపల ఏ రంగు ఉందో క్రిస్టీనాకు తెలియదు.

గుంటూరులో రంగుల షాపతను సగం ధరకు ఇచ్చిన డబ్బా అది. ఎవరో కలిపించుకుని, నచ్చలేదని వదిలేసి వెళ్లారట. ఏ రంగైనా తుప్పు కంటే నయమేనని తెచ్చుకుంది.

కర్రతో కలిపింది. నీలం కాదు, ఆకుపచ్చా కాదు. అచ్చం నెమలి మెడ రంగు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని భర్తను పిలిచింది.

ప్రేమ్‌చంద్ వంగి చూసి, దీన్ని వద్దన్నవాడెవడో గానీ వాడు చల్లగా ఉండాలన్నాడు.

సోమవారం క్రిస్టీనా ప్రత్తిపాడులో డ్రైవింగ్ స్కూలు తెరుస్తోంది. ఆడవాళ్ల కోసమే. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తామన్నారు. ఉన్న డబ్బంతా ఈ పాత కారు కొనడానికే సరిపోయింది. షెడ్డులో రంగు వేయించాలంటే మరో కారు కొన్నంత చెప్పారు.

అందుకే పది రోజులుగా ఇంటి ముందే మొగుడూ పెళ్లాం తుప్పు గీకారు. లప్పం పెట్టారు. ఉప్పుకాగితంతో రుద్దారు. రుద్దీ రుద్దీ వేళ్లు అరిగిపోయి, ఫోను క్రిస్టీనా వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది.

రంగు కొట్టే గన్నూ, కంప్రెసరూ మెకానిక్ ఇలియాస్ ఊరికే ఇచ్చాడు. శుక్రవారం ఒక్కరోజుకే. సాయంత్రం ఆరింటికల్లా తిరిగి ఇచ్చేయాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కారు చుట్టూ పాత చీరలు కట్టి, నేల తడిపి, గన్ చేతిలోకి తీసుకుంటుండగా ఒకాయన గేటు తోసుకుని లోపలికి వచ్చాడు.

అరవై దాటి ఉంటాయి. మాసిన లుంగీ, తలకు తువ్వాలు. ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ చూడని మనిషి.

వస్తూనే కారు డోరు మీద చెయ్యి వేసి నిమిరాడు.

ప్రేమ్‌చంద్‌కు ఒళ్లు మండింది. చేతి జిడ్డు తగిలిన చోట రంగు పట్టదని వీడియోలో పదిసార్లు విన్నాడు. చెయ్యి తీయమని కసిరాడు.

ఆయన తీసేసి, క్రిస్టీనా వైపు తిరిగాడు.

"నున్నగా వచ్చిందమ్మా. ఎవరు నడుపుతారు దీన్ని?"

"నేనేనండీ. ఆడవాళ్లకు నేర్పుతాను."

ఆయన కాసేపు ఆమెనే చూశాడు.

"అయితే ఇప్పుడు కొట్టమాక. ఈ దారినే మిరపకాయల ట్రాక్టర్లు పోతయ్యి. దుమ్ము లేచి పచ్చి రంగు మీద పడితే మీ కష్టమంతా పోయిద్ది."

ఇవాళ దాటితే గన్ దొరకదని ఆమె చెప్పింది. ఎంతసేపు పడుతుందని ఆయన అడిగాడు. రెండు గంటలు దుమ్ము లేవకుండా ఉంటే చాలంది.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ప్రేమ్‌చంద్ థిన్నర్ గుడ్డతో డోరు తుడిచి, ఊళ్లో పనిలేనివాళ్లు ఎక్కువయ్యారని గొణిగాడు.

క్రిస్టీనా గన్ నొక్కింది.

లప్పం మచ్చల మీద రంగు సన్నటి మంచులా వాలింది. బానెట్, టాపు, ఒక్కో డోరూ మెరుస్తుంటే ఆమెకు సంతోషం ఆగలేదు. ఎక్కడా జారలేదు. ప్రేమ్‌చంద్ పైపు మోస్తూ కారు చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు.

మధ్యలో వీధి మలుపు దగ్గర హారన్లు మోగాయి. ఎవరో గట్టిగా అరుస్తున్నారు. వీళ్లకు అటు వెళ్లి చూసే తీరిక లేదు.

అయిదున్నరకు రెండో పూత అయిపోయింది. ఒక్క నలుసు కూడా పడలేదు. ఒక్క ట్రాక్టరూ రాలేదు. తన ప్రార్థన ఫలించిందని క్రిస్టీనా కళ్లు తుడుచుకుంది.

అప్పుడే చీర పక్కకు తొలగింది. మళ్లీ ఆ పెద్దాయనే. కారును చూసి ముఖమంతా నవ్వాడు. చెయ్యి ముందుకు వచ్చింది.

ప్రేమ్‌చంద్ ఒక్క అంగలో అడ్డం వెళ్లి, భుజం పట్టుకుని గేటు దాకా నడిపించాడు.

"నీకు వేరే పనేం లేదా? మళ్లీ ఇటు రామాక."

"ముట్టుకోన్లే బాబూ. బాగుంది" అని ఆయన వెళ్లిపోయాడు.

కాసేపటికి మిరపకాయల గోనె టిక్కీలు నింపుకున్న రెండు ట్రాక్టర్లు ఇంటి ముందు నుంచి, మనిషి నడిచినంత నెమ్మదిగా వెళ్లాయి.

సోమవారం కారు చుట్టూ జనం. మొదటిరోజే తొమ్మిదిమంది పేర్లు ఇచ్చారు. రెండు గంటలు దుమ్ము లేవకుండా దేవుడు ఎలా ఆపాడో పాస్టరు గారు అందరికీ చెప్పారు.

బుధవారం ట్రాక్టర్ డ్రైవర్ కోటేష్ తన భార్య భవ్యను చేర్పించడానికి తీసుకొచ్చాడు. మాటల్లో ఆ దుమ్ము సంగతి వచ్చింది.

ఆ రెండు గంటలూ ట్రాక్టర్లు మలుపు దగ్గరే ఆగిపోయాయని కోటేష్ చెప్పాడు. తువ్వాలు కట్టుకున్న పెద్దాయన ఎదురుగా నిలబడి కదలనివ్వలేదట. తను ఎంత అరిచినా వినలేదట.

మొగుడూ పెళ్లాం ముఖాలు చూసుకున్నారు.

"మరి సరుకు మిర్చి యార్డుకు చేరిందా తమ్ముడూ?"

"యాడ అక్కా. గేటు మూసేశారు. శని, ఆదివారాలు సెలవు. సోమవారానికి రేటు పడిపోయింది. నాలుగెకరాల కాయ, వీరాంజనేయులు గారు వచ్చిన కాడికి అమ్ముకున్నాడు. కౌలు కూడా అయిపోయింది. నిన్న సత్తెనపల్లి అవతల సొంతూరికి ఎళ్లిపోయాడు. ఇంక ఇటు రాడు."

ప్రేమ్‌చంద్ తల దించుకున్నాడు. పెద్దాయన తమకు మేలు చేయబోయి ఒక రైతును ముంచాడని అతనికి అనిపించింది.

"ఆ రైతు ఫోన్ నంబరుంటే ఇవ్వు తమ్ముడూ, క్షమించమని అడుగుతాం. పాపం, ఎవరో మనిషి తన సరుకు బండ్లు ఆపితే ఆయన ఎట్లా ఊరుకున్నాడో" అంది క్రిస్టీనా.

కోటేష్ ఆమె వైపు వింతగా చూశాడు.

"ఎవరో మనిషి కాదక్కా, మా బండ్లకు అడ్డం నిలబడింది వీరాంజనేయులు గారే."