అనసూయా, దారమెక్కియ్యవే!

సర్కారు వాళ్లు నిరుద్యోగులకిచ్చిన శిక్షణ ఒక్క పూటలో ముగిసింది. చనిపోయిన దర్జీ మల్లేశం పనితనమంతా ఒక యంత్రంతో సైదులు తలలోకి ఎక్కించి, కుట్టుమిషనిచ్చి పంపారు. వీధంతా అదే శిక్షణ పొందడంతో బట్టలు కుట్టించుకునే వాళ్లే లేకపోయారు. అయినా సైదులు చేతులు ఊరుకోవు. ఇంట్లోని చింకిగుడ్డలనే కుడతాయి. చూపు చక్కగానే ఉన్నా, దారం తెగినప్పుడల్లా, "అనసూయా, సూదిల దారమెక్కియ్యవే!" అని కేకేస్తాడు.

అతని భార్య పేరు స్రవంతి.

ఒకరోజు గుమ్మంలోకి ఒక ముసలామె వచ్చింది. "నేనే అనసూయను, మల్లేశం పెండ్లాన్ని" అంది.

సైదులు సిగ్గుతో లేచాడు. "తప్పయింది పెద్దమ్మా, ఇంక పిలువ."

"పిలిచేది నువ్వు కాదు బిడ్డా. ఇంటింట్ల నుంచి ఆయనే పిలుస్తుండు. ఎవ్వరికని పలకాలె?"

ఆమె అతని సూదికి దారమెక్కించింది. అంతలో పక్కింటి నుంచి అదే కేక.

"ఆఁ, వస్తున్న" అంటూ అటు నడిచింది.