ముగ్గురూ చూశారు

"ఇక్కడే," అన్నాడు ఏసోబు, ల్యాప్‌టాప్ తెర మీద వేలు గట్టిగా ఆనించి.

మహిమ కీ నొక్కింది. మాయమైన చుక్క మళ్ళీ వెలిగింది, తండ్రి వేలికి బెత్తెడు దూరంలో.

"అదేందే? నేను ఖాయంగా ఇక్కడే చూశాను."

మహిమ గుంటూరు కాలేజీలో జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తోంది. "చుక్క పోయాక అదెక్కడుందో మెదడులో బోలెడు కణాలు కలిసి గుర్తుంచుకుంటాయి నాన్నా. వేటికవి పొరబడితే ఒకదాని తప్పు ఇంకోటి సర్దేస్తుంది. అన్నీ ఒకదాని వెంట ఒకటి ఒకేవైపు ఒరిగాయనుకో, ఎన్నున్నా ఒక్కదానితో సమానం. జవాబు తప్పుతుంది. నమ్మకం మాత్రం తగ్గదు."

మిరపకాయల తొడిమలు తీస్తున్న తల్లి పుల్లమ్మ చేతులు ఆగాయి. "ఇదంతా ఇప్పుడెందుకే?"

"మస్తాన్‌బీ గారి కోసం."

ఏసోబు తెర మీంచి వేలు తీసేశాడు.

పోయిన వేసవిలో చిలకలూరిపేట దగ్గర హైవే మీద మిర్చి లోడు లారీ తగలబడిపోయింది. దాన్ని నడిపింది మహిమ అన్న జయపాల్. దొరికింది ఒక్క శవమే, అదీ సగం కాలి. క్లీనర్ అస్లాం భయపడి పారిపోయి ఉంటాడన్నారు పోలీసులు. మార్చురీలో అమ్మా నాన్నా మహిమా ముగ్గురూ జయపాలేనన్నారు. ప్రార్థన చేయించి సమాధి చేశారు.

పొద్దున అస్లాం తల్లి మస్తాన్‌బీ వచ్చింది. "బతికుంటే నా బిడ్డ నాకు ఫోన్ చెయ్యకుండా ఉండడయ్యా. సమాధి తవ్వి, అందులో ఉంది ఎవరో పరీక్ష చెయ్యనివ్వండి," అని ఏసోబు చేతులు పట్టుకుంది. ఆయన కుదరదని పంపేశాడు.

"వాణ్ణి మళ్ళీ కదిలించనివ్వను," అన్నాడు ఇప్పుడూ. "ఒకరు పొరబడతారు. ముగ్గురం పొరబడతామా?"

"నువ్వు బాగా చూశావా నాన్నా?"

ఏసోబు తల దించుకున్నాడు. "లోపలికెళ్ళగానే మీ అమ్మ 'నా కొడుకే' అని కూలబడింది. కన్నతల్లి కన్నా నాకేం తెలుస్తుంది? కాళ్ళ దగ్గర నిలబడి ఏడ్చాను."

"నాకు కళ్ళనిండా నీళ్ళే, ఏం కనపడింది?" అంది పుల్లమ్మ మెల్లగా. "ఇదే నా భుజం పట్టుకుని 'అన్నయ్యేనమ్మా' అంది. చదువుకున్న పిల్ల, చూడకుండా అంటదా?"

"అదీ మాట," అన్నాడు ఏసోబు, ఊరటగా కూతురి వైపు తిరిగి. "నువ్వు చూశావు కదమ్మా, చాలు."

మహిమ తెర మీది చుక్క వైపు చూసింది.

మార్చురీలో ఆమె కళ్ళు తెరవనేలేదు.