మక్సూద్ సార్ డబ్బాలు

“ఇదిగో అమ్మాయ్. ఒక డబ్బాలో థెవెనిన్ ఉన్నడు, ఇంకోదాంట్లో నార్టన్ ఉన్నడు. ఎవరు దేంట్ల ఉన్నరో చెప్పు, పాసై పో” అన్నాడు మక్సూద్ సార్.

కమ్లి రెండు డబ్బాలనూ మార్చి మార్చి చూసింది. ఖమ్మం నుంచి వచ్చే ఈ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అంటే భద్రాచలం కాలేజీ పిల్లలకు చలిజ్వరమే. ఏ ల్యాబ్‌కు వెళ్లినా ఆ రెండు నల్ల డబ్బాలు ఆయన సంచిలో ఉండాల్సిందే. మూతలకు స్క్రూలు గట్టిగా బిగించి ఉంటాయి. ప్లగ్గులో పెడితే చాలు, ఒక్కోదాంట్లోంచి బయటికి వచ్చిన రెండు తీగలు ‘కొలుచుకో’ అన్నట్టు చూస్తుంటాయి.

కమ్లి మీటరు పట్టింది. ఎడమ డబ్బా పన్నెండు వోల్టులు. కుడిది కూడా పన్నెండే. తీగలు కలిపి కరెంటు చూసింది. అదీ సమానమే. కవల పిల్లలు నయం, పాడు డబ్బాలు!

ఒకేలా ఉండవు మరి? లోపల ఎంత చిక్కుముడి సర్క్యూట్ ఉన్నా సరే, బయటి రెండు తీగల దగ్గర నిలబడి చూస్తే ఒక బ్యాటరీ, దాని వెనక వరుసలో ఒక రెసిస్టెన్స్, అంతే అన్నాడు థెవెనిన్ అనే ఇంజనీరు. అలా కాదు, ఆగకుండా కరెంటు తోసే సోర్సు ఒకటి, దాని పక్కన జోడుగా ఒక రెసిస్టెన్స్ అనుకోండి అన్నాడు నార్టన్ అనే ఇంకో ఇంజనీరు. ఒక్కో డబ్బాలో ఒక్కొక్కరు చెప్పిన అమరిక ఉంది; ఎవరి లెక్క చేసినా జవాబు ఒకటే వస్తుంది. ఇక మీటరుకు మాత్రం తేడా ఎలా తెలుస్తుంది?

“రెండూ సమానమేనని పుస్తకంలనే ఉంది గద సార్” అంది ల్యాబ్ చూసుకునే హేమలత మేడం, పిల్ల మీద జాలేసి.

“పుస్తకానికి నేను పరీక్ష పెడ్తలేను మేడం. ఏయ్ అమ్మాయ్, గుడ్డిగ చెప్తే సున్నా. ఎట్ల తెలిసిందో కూడ చెప్పాలె.”

డిప్లొమాలో కమ్లికి మిగిలింది ఈ ఒక్క ల్యాబే. గట్టెక్కితే అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో అప్రెంటిస్. లేదంటే అదే ఊళ్లో, అమ్మ వెనకాలే, తోటల్లో గెలలు మోసే కూలి.

ఆమె మీటరు పక్కన పెట్టేసింది. డబ్బాలకు తగిలించిన వైర్లన్నీ ఊడదీసింది. ప్లగ్గులు మాత్రం అలాగే ఉంచి, చేతులు కట్టుకుని నిలబడింది.

“ఏందమ్మా, కొలుస్తలేవు?”

“కొలిచేది అయిపోయింది సార్. కాసేపు ఉండనియ్యున్రి.”

“ఉండనిస్తే? డబ్బా మాట్లాడుతదా?”

“అవ్ సార్.”

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. హేమలత మేడం వద్దన్నట్టు కళ్లతో సైగ చేసింది. మక్సూద్ సార్ సెల్‌ఫోన్ తీసి టైం చూసుకున్నాడు, విసుక్కున్నాడు. కానీ పిల్ల ఏం చేయబోతోందో చూడకుండా కదలాలనిపించలేదు. స్టూలు లాక్కుని కూర్చుని చాయ్ తెప్పించుకున్నాడు. చాయ్ అయిపోయింది. కమ్లి ఇంకా అలాగే నిలబడి ఉంది.

చివరికి రెండు అరచేతులూ రెండు డబ్బాల మీద ఆనించింది.

“ఎడమది నార్టన్, సార్.”

“ఎట్ల?”

“వెచ్చగుంది. నార్టన్ ఊకుండడు సార్. బయట ఏం కలపకున్నా, ఆ కరెంటు లోపలి రెసిస్టెన్స్‌ల తిరుగుతనే ఉంటది. అది కాగుతనే ఉంటది. థెవెనిన్‌కు బయట దారి లేకుంటే కరెంటే పారదు. సల్లగ పంటడు.”

మక్సూద్ సార్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఎడమ డబ్బా మూత విప్పాడు. పిల్లలంతా మీదపడి తొంగిచూశారు.

నార్టనే!

“షాబాష్ బేటీ!” అని బల్ల చరిచాడు సార్. సంతోషం పట్టలేకపోయాడు. “ఎన్ని కాలేజీలు తిప్పిన ఈ డబ్బాల్ని! అందరు మీటరు పట్టుకున్నోళ్లే గని, చెయ్యి పెట్టి చూసినోళ్లు ఒక్కరు లేరు. ఎవరు చెప్పిన్రు నీకు? ఏ పుస్తకంల సదివినవ్?”

కమ్లి తల దించుకుంది.

“చెప్పు కమ్లీ, భయమెందుకు?” అంది హేమలత మేడం.

“పుస్తకంల లేదు సార్. పోయినేడు గీ ల్యాబ్‌లనే మీరు నన్ను ఫెయిల్ చేసి అన్నానికి పోయిన్రు. డబ్బాలు ప్లగ్గు తియ్యకుంటనే బల్ల మీద ఉండె, ఒకదాని మీద చెంప పెట్టి ఏడ్చిన. ఆ రోజు నాకు వెచ్చగ తగిలింది అదొక్కటే సార్.”