తీన్మార్ పరీక్ష

వంతెనలన్నీ కంప్యూటర్ లెక్కతోనే లేచే కాలం అది. ఆ లెక్క నిజమో కాదో చూసి సంతకం పెట్టడం చంద్రకళ ఉద్యోగం.

తమ బస్తీ నాలా మీది కొత్త కాలివంతెన మూడువందల మంది నడిచినా ఊగదని కంప్యూటర్ తేల్చింది. ఇసుక బస్తాలు పేర్చి చూసినా లెక్క తప్పలేదు.

"ఇగ సంతకం పెట్టు బిడ్డా, ఎల్లుండే బోనాలు," అన్నాడు తండ్రి కొమురయ్య, భుజాన డప్పుతో.

ఆ డప్పు చూసి ఆమె కలం ఆగింది.

"నాయినా, నడుమ నిలబడి తీన్మార్ కొట్టు."

దరువు వినగానే బస్తీవాళ్ళు వంతెనెక్కారు. ముప్పై మందే ఎగిరారు. అందరి అడుగులూ ఒక్కసారే పడేసరికి వంతెన ఉయ్యాలలా ఊగింది. జనం ఒడ్డుకు పరుగెత్తారు.

"మనుషులు నడుస్తారనుకున్నాను. ఎగురుతారని తెలియదు," అంది చంద్రకళ ఫోన్‌లోంచి కంప్యూటర్ బుద్ధిగా.

"డప్పు ఇన్నంక నడిచెటోడెవడే?" అన్నాడు కొమురయ్య. ఆపై గొంతు తగ్గించి కూతుర్ని అడిగాడు. "అయితే ఈయేడు గూడ బోనాలు ఆవలొడ్డు గుడికి చుట్టు తిరిగే పోవాల్నా?"

"పోదాం నాయినా. నేను గూడ బోనమెత్తుకొని మీతోటి నడుస్త."

సంతకం లేని కాగితాన్ని మడిచి, ఫోన్‌ను డప్పు దగ్గర పెట్టింది.

"మళ్ళొకసారి కొట్టు. దీనికి నేర్పాలె."