వన్స్ మోర్

మా నరసరావుపేటలో ఆడపిల్లలు స్టేజీ ఎక్కకూడదు. అందుకని నేను తెలుగు చేసిన ఇంగ్లీషు దొరల హాస్యనాటకంలో, నా ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని డ్రాయింగు మేష్టారు ఏలియా కథానాయిక అయ్యాడు.

"పెళ్ళికొడుకు మీకంత నచ్చితే మీరే చేసుకోండి నాన్నా! నన్ను ఒక్క మాటైనా అడగరేం?" అన్నాడు సన్నటి గొంతుతో, పైట సర్దుకుంటూ.

జనం విరగబడి నవ్వారు. ముందు వరుసలోంచి మా నాన్న లేచి, "వన్స్ మోర్!" అని కేక పెట్టాడు. ఏలియా మళ్ళీ అన్నాడు. నాన్న కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

తెర పడ్డాక ఆడవాళ్ళ వైపు వచ్చి, "చానా బాగా రాశావే అమ్మాయ్! ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? ఆ తండ్రికి బుద్ధుండక్కర్లా?" అన్నాడు.

"నాన్నా, మరి నేను..."

"ముందా చీర ఇప్పించుకో. నలిగిపోద్ది. రేపు పెళ్ళికొడుకు వాళ్ళొచ్చినప్పుడు నీ ప్రధానానికి అదే కట్టుకోవాల."

కథానాయిక అడిగిన ఆ మాట దొరల పుస్తకంలో లేదు. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వసారాలో నాన్నను నేనే అడిగాను.

ఆ రోజు రెండోసారి అడగనివ్వలేదు.